భయం అమ్మబడును

మార్చి 4

వాణ్ణి చంపింది నువ్వు.

అటూ ఇటూ చూడకు, నిన్నే. కరపత్రం చదివి ఫోన్ చేసి "భలే ఉతికారండీ" అన్నవాడివి. పది కాపీలు చంకన పెట్టుకుపోయి ఆఫీసులో బల్లబల్లకీ పంచినవాడివి. నిప్పులు కక్కే వాక్యం లేకపోతే నీకు పేజీ తిరగదు. నీ కోసం కక్కాను. అవి మా ఇంటి కప్పు మీదే పడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా నిన్ను మెప్పించడానికే రాస్తున్నాను. ఇది మాత్రం నీ కోసం కాదు. ఈ డైరీ నీ చేతికి రాదు కాబట్టే నీ మొహం మీద ఈ మాట అనగలుగుతున్నాను.

తమ్ముడు పోయి తొమ్మిది రోజులు. నలభై ఏడేళ్ళు. ఇంట్లో, ప్రెస్సులో, వీధిలో అందరికీ ఇప్పటికీ చిన్నోడే.

బస్సు టైముల పట్టిక వేస్తున్నాడు. పన్నెండొందల ఆర్డరు. పన్నెండొందలంటే వాడు పన్నెండొందల ఆరు దగ్గర మిషను ఆపుతాడు. ఆ ఆరూ పాడయ్యే కాగితాల కోసం. మా ప్రెస్సు పెట్టిన ఇరవై రెండేళ్ళలో ఏడో కాగితం ఎవరూ చూడలేదు. ఆ రోజు పక్క గదిలో పుస్తకాలు కుడుతున్న బైండరు పెద్దాయన తలెత్తి "చిన్నోడు ఇంకా తిప్పుతున్నాడేంటి?" అనుకున్నాడట. వెళ్ళి చూస్తే కౌంటరు మీద పద్దెనిమిది వందల నలభై. వాడు కాగితాల బల్లకి ఆనుకుని, అలసిపోయి కూర్చున్నట్టే ఉన్నాడు. మిషను పట్టికలు వేస్తూనే ఉంది.

నేను పై గదిలో రాసుకుంటున్నాను. మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ వాడున్నాడనుకోవడం నాకు అలవాటు.

మార్చి 5

రాసేదేమీ లేదు.

మార్చి 7

మిషను గది తలుపు తీశాను. ఎవరో ఒకరు తియ్యాలి కదా. సిరా డబ్బాల మూతలు వాడు బిగించినట్టే ఉన్నాయి. గుడ్డపీలికలు ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి, అంగుళం తేడా లేకుండా.

కొక్కేనికి గుచ్చిన పని చీటీలు తీస్తూ కూర్చున్నాను. అయిన పని చీటీ తీసెయ్యాలి, కాని పని చీటీ ఉంచాలి. అది వాడు పెట్టిన రూలు. బిల్లు పుస్తకాలు, అయింది. బడి పరీక్ష పేపర్లు, అయింది. బస్సు పట్టిక, ఏమనాలో తెలియక పక్కన పెట్టాను. అన్నిటికంటే అడుగున ఒక చీటీ, మా ప్రెస్సుది కాదు. గుండె డాక్టరమ్మ చీటీ. కిందటి జూలై తేదీ. రెండు రక్తపరీక్షల పేర్లు: లైపోప్రోటీన్ ఏ, అపో బి. వాటి కింద గీత కొట్టి, "తండ్రి 46వ ఏట, గుండె. తప్పనిసరి."

అంచున సిరా మరకతో వాడి బొటనవేలి ముద్ర.

మరదలు వంటింట్లో ఉంది. చూడలేదు. చీటీ ఈ డైరీలో పెట్టాను. ఇప్పుడే ఆమెకి చూపించి లేనిపోని బాధ పెంచడం ఎందుకు? నాలుగు రోజులు పోనీ.

వాడు నాకు ఈ సంగతి చెప్పలేదు.

మార్చి 8

చెప్పి ఉంటే నేనే దగ్గరుండి తీసుకెళ్ళేవాణ్ణి. చెప్పలేదు.

మార్చి 11

మరదలు పొద్దున్నే మేడ మెట్ల కింద నిలబడి పిలిచింది. "బావగారూ, ఆ డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి వెళ్దాం. ఆయన ఎలా పోయాడో నాకు తిన్నగా ఎవరూ చెప్పలేదు. 'గుండె, గుండె' అంటారు. గుండె అందరికీ ఉంది కదా."

వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గాజు తొట్టి, అందులో నీళ్ళూ రాళ్ళూ, చేపలు లేవు. డాక్టరమ్మకి వాడు బాగానే గుర్తున్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని జూలైలో వచ్చాడట.

"మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టు చాలా బాగుంది. మీ నాన్నగారు పోయిన వయసు విన్నాక ఆ బాగుండడమే నాకు అనుమానం తెప్పించింది," అందావిడ.

"బాగుంటే అనుమానమేంటమ్మా? బాగుండకపోతే భయం, బాగుంటే అనుమానం. మీకు కేసు కానిదేదైనా ఉందా?" అన్నాను. వేదిక మీద వచ్చే గొంతు వచ్చేసింది. మరదలు నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

ఆవిడ కోప్పడలేదు. "మీరు ప్రెస్సువాళ్ళు కదా. రెండు కట్టలు ఒకే బరువు తూగాయనుకోండి. ఒకదాంట్లో మందపు అట్టలు రెండొందలు. ఇంకోదాంట్లో పల్చటి కాగితాలు అయిదొందలు. తూకంలో ఆ తేడా తెలుస్తుందా? మామూలు రిపోర్టు చెప్పేది తూకం. కొవ్వుని మోసుకు తిరిగే రేణువులు ఎన్నో చెప్పేది అపో బి. లైపోప్రోటీన్ ఏ అన్నది ఆ రేణువుల్లోనే ఒక మొండి రకం. దానికో జిగట తోక ఉంటుంది, నాళాల గోడల్ని పట్టుకుంటుంది. తిండితో వచ్చేది కాదు, నడిస్తే పోయేది కాదు. పుట్టుకతో వస్తుంది, అమ్మ నుంచో నాన్న నుంచో."

"పోనిదాన్ని కొలిచి ఏం చేస్తారు?"

ఆవిడ కలం కింద పెట్టింది. "అచ్చం ఈ మాటే అడిగాడండీ మీ తమ్ముడు. ఆగస్టులో బీపీ చూపించుకోడానికి వచ్చాడు. పరీక్ష చేయించావా అంటే ఇదే మాట, ఇదే వరస. అప్పుడూ ఇదే చెప్పాను. గోదాములో కిరసనాయిలు ఉందని తెలిసింది, బయట పారబొయ్యలేం. కనీసం అగ్గిపెట్టెతో లోపలికి వెళ్ళం కదా! ఆ అంకె తెలిస్తే సిగరెట్లు మానిపించేదాకా వెంటపడేదాన్ని. బీపీ ఇంకా దించేదాన్ని. మిగతా కొవ్వుకి మందు అప్పుడే మొదలుపెట్టేదాన్ని."

"చేయించుకుని ఉంటే బతికేవాడా?" మరదలు అడిగింది.

"బతికేవాడంటే అబద్ధం అవుతుందమ్మా. ఒక దారి ఉండేది. ఆ దారి ఎంత దూరం వెళ్ళేదో నాకు తెలియదు." మరదలి వైపు తిరిగి, "మీ అమ్మాయికి ఎన్నేళ్ళు?" అంది.

"ఇరవై నాలుగు."

"చేయించండి. లైపోప్రోటీన్ ఏ జన్మకి ఒక్కసారి చూస్తే దాదాపు చాలు. పరగడుపున కూడా రానక్కర్లేదు. మీరూ చేయించుకోండి," అని నా వైపు తిరిగి, "అరవడానికైనా గుండె ఉండాలి కదండీ," అంది.

బయటికొచ్చాక మరదలు నా వెనకే నడిచింది. మలుపు దగ్గర ఆగి, "పోనిదాన్ని కొలిచి ఏం చేస్తారు... ఆ మాట ఆయన నోటివెంట నేనూ విన్నాను బావగారూ. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో," అంది.

ఎండగా ఉంది, తొందరగా నడవమన్నాను.

మార్చి 12

పాప ఒప్పుకోలేదు.

పాపంటే తమ్ముడి కూతురు. ప్రెస్సులో పేజీలు పేర్చేది, కంప్యూటరు పని చేసేది తనే. మధ్యాహ్నం తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఏదో దారిన పోతూ అన్నట్టు, "ఒక గొట్టం రక్తం ఇచ్చేస్తే పోతుందిగా," అన్నాను.

తెర మీంచి కళ్ళు తియ్యకుండా, "జ్వరమొచ్చిందా పెదనాన్నా నీకు?" అంది.

"డాక్టరమ్మ చెప్పింది. అమ్మ కూడా..."

"'మార్చలేనిదాన్ని కొలిచి ఏం చేస్తారు? ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారా?' ఎవరో మహానుభావుడు రాశాడు. 'భయం అమ్మబడును', ఆరో పేజీ. అక్షరాలు పేర్చింది నేనే."

"అది ల్యాబుల వాళ్ళ మీద రాసింది తల్లీ. ఇంటింటికీ తిరిగి డెబ్భై రెండు పరీక్షల ప్యాకేజీ అంటూ..."

"'నాకు కావలసిన మనిషొకడు, కొలెస్ట్రాల్ ముత్యంలా ఉన్నవాడు, వాణ్ణి కూడా వదల్లేదు, ఇంకో రెండు పరీక్షలు రాసిచ్చారు.' అదీ ఆరో పేజీయే. ఎవరు పెదనాన్నా ఆ కావలసిన మనిషి?"

"ఊరికే... ఉదాహరణకి రాశాను."

"బాగా కుదిరింది ఉదాహరణ."

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళ కింద నలుపు, వాళ్ళ నాన్నకి పని ఎక్కువైనప్పుడు వచ్చే నలుపే. "నాన్న దాన్ని అచ్చేశాడు. రెండు వేల కాపీలు. తను నమ్మనిది నాన్న ఎప్పుడైనా అచ్చేశాడా? లాటరీ వాళ్ళ కాగితాలు వస్తే తిప్పి పంపేశాడు, గుర్తుందా? ఇప్పుడు అది తప్పంటే, నాన్న ఒక తప్పుని నమ్మి, దాన్ని చేతులారా రెండు వేలసార్లు తిప్పి, చచ్చిపోయినట్టు. నాన్న అలా పోలేదు. నేను చేయించుకోను."

నేను జవాబు చెప్పాలి. జవాబు చెప్పడంలో నన్ను మించినవాడు లేడని పేరు కదా. మేడ మీదికొచ్చేశాను.

మార్చి 13

వాడు చెప్పాడు. సరే, చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పినదాన్ని చెప్పడం అంటారా?

జూలైలో, మిషను రోలర్లు తుడుస్తూ. "అన్నయ్యా, కొలెస్ట్రాల్‌లో ఫస్టు క్లాసు! బళ్ళో ఎప్పుడూ రాలేదు, ఇప్పుడొచ్చింది. అయినా డాక్టరమ్మ ఇంకో రెండు పేపర్లు రాయమంటోంది," అని చీటీ చూపించాడు.

"నీ రక్తం చూడ్డానికి కాదురా, నీ జేబు లోతు చూడ్డానికి," అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. అంతకు ముందు వారమే ఒక ల్యాబు ఏజెంటు మా వీధిలో గుమ్మం గుమ్మానికీ వచ్చి, డెబ్భై రెండు పరీక్షలు, నలుగురికి కలిపి చేయిస్తే అయిదో మనిషికి ఉచితం అని కాగితాలు పంచాడు. అయిదో మనిషికి ఉచితం! రక్తాన్ని సబ్బుబిళ్ళల్లా అమ్ముతున్నారు. ఆ మంట నాలో ఉంది. వాడి చీటీ ఆ మంటలో పడింది. మూడు రోజుల్లో ఎనిమిది పేజీలు. జన్మలో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు.

ఆ ఏజెంటు మీద రాసినదాంట్లో ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. ఇవాళ్టికీ తీసుకోను.

చెప్పాడు సరే. కానీ చేయించుకోనా, వద్దా అని అడగలేదు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

మార్చి 15

నాన్నని చంపింది గోదాము యజమాని. ఇది ఈ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. రెండు షిఫ్టులు వరసగా బస్తాలు మోయించాడు, నాన్న గోదాము మెట్టు మీద కూలిపోయాడు. నాకు పదిహేడు, చిన్నోడికి పది. నా మొదటి వ్యాసం దాని మీదే. ఆ వ్యాసంతోనే నేను రచయితనయ్యాను. నేను చదువుకోవాలని వాడు పదిహేనేళ్ళకే బడి మానేసి వేరేవాళ్ళ ప్రెస్సులో చేరాడు. నా వాక్యాలు చదువుతూ చదువుతూ చదువు నేర్చుకున్నాడు.

ఇప్పుడు డాక్టరమ్మ వచ్చి జిగట తోక అంటుంది.

మరి రెండు షిఫ్టులు ఏమైనట్టు? యజమాని ఏమైనట్టు? ఒక రేణువుకి తోక ఉందని ఆ మనిషిని వదిలెయ్యాలా?

కలం గట్టిగా నొక్కితే ఇక్కడ కాగితం చిరిగింది.

మార్చి 17

బైండరు పెద్దాయన నన్ను ఎప్పుడూ "అయ్యవారూ" అంటాడు. అందులో మర్యాద పాలు ఎంతో, ఎగతాళి పాలు ఎంతో ఈ ఇరవై ఏళ్ళలో తేలలేదు.

ఇవాళ టీ తాగుతూ, "పాప ఎందుకు చేయించుకోదంటోంది?" అన్నాడు.

"మొండిది. వాళ్ళ నాన్న పోలిక."

"చిన్నోడు మొండోడా? అయ్యవారూ, గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు. మీరేమో నిలువెల్లా ఎరుపే. నలుపు ఎక్కడుందో మాలాంటివాళ్ళే చెప్పాలి."

"చెప్పు. ఎక్కడుంది?"

"మీ రాత వాడి ప్రాణం మీదికి తెచ్చిందని నేననను. సిగరెట్టు తాగింది వాడు. చీటీ నా కళ్ళెదురుగానే కొక్కేనికి గుచ్చేసి ఊరుకుంది వాడు. కానీ 'నన్ను అడగలేదు, నన్ను అడగలేదు' అని మీరు మూడు రోజులుగా తిరుగుతున్నారు చూశారూ, అది వినలేకపోతున్నాను. చిన్నోడు మీ ఎదురుగా నోరు తెరిచి ఏనాడు అడిగాడు? వాడు అడిగేదెక్కడ?"

టీ గ్లాసు బోర్లించి లేచి వెళ్ళిపోయాడు.

మార్చి 18

ప్రూఫుల బీరువా తాళం కనిపించడం లేదు.

మార్చి 19

తాళం నా జేబులోనే ఉంది. నిన్న కూడా అక్కడే ఉంది.

వాడికి నాతో వాదించడం రాదు. ఎవరికి వచ్చు? పది మాటల్లో నోరు మూయించేవాణ్ణి. అందుకని వాడొక పద్ధతి పెట్టుకున్నాడు. అచ్చుకి ముందు ఆఖరి ప్రూఫు తను చదువుతాడు. ఎక్కడైనా మనసు ఒప్పకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రశ్న రాస్తాడు. నేను ఎర్ర సిరాతో పక్కన జవాబు రాసి సంతకం పెట్టాలి. అంతదాకా మిషనుకి అచ్చు ప్లేటు కట్టడు. ఆ ప్రూఫులన్నీ ఏడాదికో కట్ట, గుడ్డలో మూట కట్టి దాచాడు.

పాత మూటలు విప్పాను. "దీనికి ఆధారం ఎక్కడుంది అన్నయ్యా?" దానికి నా జవాబు ఆరు లైన్లు. "ఈయన పిల్లలు కూడా ఇది చదువుతారేమో?" దానికి నేను ఒక పేరా కొట్టేసి ఉన్నాను. "ఈ మాట మరీ ముతకగా లేదా?" మార్చాను. మంచి ప్రశ్నలు. నన్ను మనిషిగా నిలబెట్టిన ప్రశ్నలు. తర్వాత తర్వాత మూటల్లో నా జవాబులు పొట్టివైపోయాయి. అవును. కాదు. పోనీలే. గత నాలుగేళ్ళుగా ఒకటే జవాబు, ప్రతి ప్రశ్నకీ అదే: "అలాగే ఉంచు."

"భయం అమ్మబడును." ఆరో పేజీ. ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారా అన్న వాక్యం. దాని పక్కన పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా:

మరి నాన్న?

దాని కింద ఎర్ర సిరా. అలాగే ఉంచు. నా సంతకం, తోకతో సహా.

ప్రశ్న చదివి అలా రాశానా, ప్రశ్న గుర్తు మాత్రం చూసి రాశానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. రెండింట్లో ఏది ఎక్కువ పాపమో కూడా తేలడం లేదు.

మార్చి 20

అడిగాడు.

మార్చి 21

పొద్దున మరదల్నీ పాపనీ పిలిచి, భోజనాల బల్ల మీద రెండు కాగితాలూ పెట్టాను. చీటీ. ఆరో పేజీ. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. నిన్నంతా ఒకటి తయారుచేసుకున్నాను, అది ఇవ్వలేదు.

మరదలు ముందు చీటీ తీసుకుంది. "ఎక్కడిది?"

"కొక్కేనికి ఉంది."

"ఎప్పుడు దొరికింది?"

"రెండు వారాలైంది."

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన రోజు మీ దగ్గరే ఉందన్నమాట."

"ఉంది."

ఆ వేలిముద్ర మీద వేలు పెట్టి చూసింది. "ఆ పుస్తకాలు మడిచింది నేనే బావగారూ. రెండు వేలూ. ఆయన పక్కన కూర్చుని మడత ఎటు తిప్పాలో చూపించాడు. ఆరో పేజీ రెండు వేలసార్లు నా చేతికింద పోయింది. చదవాలని నాకు తోచలేదు. చదవమని మీ ఇద్దర్లో ఎవరూ అనలేదు." లేచింది. "మీరు మంచివారే. లోకం కోసం ఏడుస్తారు. పక్క గదిలోవాడు లోకంలో మనిషి కాడా?" లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

పాప ఆరో పేజీ పట్టుకుని కూర్చుంది. చాలాసేపు. పెన్సిల్ రాత మీద ఊపిరి తగలకుండా చూస్తున్నట్టుంది.

"నాన్న నమ్మలేదు," అంది.

నేను తలొంచుకున్నాను.

"నాన్న నమ్మలేదు పెదనాన్నా! నేను పొరబడ్డాను. చూడు, అడిగాడు." ఏడుస్తోంది, కానీ మొహంలో మూడు వారాలుగా లేనిదేదో వచ్చింది. "నాన్న పిచ్చివాడు కాదు. అడిగాడు. నువ్వే జవాబివ్వలేదు."

"ఇవ్వలేదు."

"అది తప్పేనా? ఆరో పేజీ? నీ నోటితో చెప్పు."

"తప్పు. అమ్మేవాడి కాగితాన్నీ వైద్యం చేసేవాళ్ళ చీటీనీ ఒకే గాట కట్టాను. తేడా అడిగి తెలుసుకోలేదు. అడిగితే కోపం చల్లారిపోతుందని అడగలేదు."

ముక్కు తుడుచుకుంది. "అచ్చేస్తావా ఈ మాట?"

"వేస్తాను."

"అయితే రక్తమిస్తాను. నువ్వు కూడా ఇవ్వాలి. అమ్మ కూడా."

చీటీ తీసుకెళ్ళి మళ్ళీ కొక్కేనికి గుచ్చాను. కాని పని అక్కడే ఉండాలి.

మార్చి 24

ల్యాబుకి ముగ్గురం వెళ్ళాం. గోడ మీద అదే డెబ్భై రెండు పరీక్షల బొమ్మ, నవ్వుతున్న కుటుంబం. రక్తం తీసే ఆవిడ నా పేరు చీటీ మీద చదివి, నా మొహం చూసి, మళ్ళీ చీటీ చూసింది.

"మా మీద పుస్తకం వేసింది మీరే కదండీ? చెయ్యి వదులుగా పెట్టండి. పగ తీర్చుకోన్లెండి, సూది చిన్నదే."

పాప నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక ఇదే మొదటిసారి.

గొట్టం నిండుతుండగా ఆవిడే అంది, "ఒకటి చెప్పనా? మీరు అంత తిట్టిన ఆ ప్యాకేజీ ఉంది చూశారూ, ఆ డెబ్భై రెండింట్లో ఈ రెండు పరీక్షలూ లేవు. ఇవి విడిగా రాయించుకు రావాల్సిందే."

లేవు. నేను ఆ పట్టిక మొత్తం చదవలేదు. చదివి ఉంటే భలే వాక్యం దొరికేది: డెబ్భై రెండు అమ్ముతారు, కావలసిన రెండూ తప్ప. ఆ వాక్యం రాసి ఉంటే వాడు బహుశా వెళ్ళేవాడు. నా వృత్తికి కూడా నేను ద్రోహం చేశాను.

మార్చి 26

రిపోర్టులు రాలేదు. మరదలు నాకు టీ పంపిస్తోంది కానీ నాతో మాట్లాడ్డం లేదు. పాప చేత పంపిస్తోంది. న్యాయమే.

మార్చి 28

డాక్టరమ్మ మూడు కాగితాలూ వరసగా పరిచింది. లైపోప్రోటీన్ ఏ. హద్దు నూట పాతిక అని చెప్పింది.

మరదలిది ముప్ఫై.

నాది పధ్నాలుగు.

పాపది రెండొందల ముప్ఫై.

మరదలు తన ముప్ఫై చూసింది, పాప రెండొందల ముప్ఫై చూసింది. "నా దగ్గర్నుంచి రాలేదు," అంది మెల్లగా. ఆ మాటతో అందరికీ అర్థమైంది. ఎనిమిది నెలల కిందట రావలసిన చిన్నోడి రిపోర్టు ఇవాళ పాప రక్తంలో వచ్చింది.

వాడి అంకె ఎంతో ఎప్పటికీ తెలియదు. కానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. నాన్న నాకు కోపం ఇచ్చాడు, వాడికి ఇది ఇచ్చాడు. ఇద్దరికీ పంచి ఇస్తే పోయేది కదా.

"మరి మా నాన్నని చంపింది ఇదేనా? రెండు షిఫ్టులు కాదా?" అని అడిగాను. వేదిక గొంతు రాలేదు.

"రెండూ కావచ్చండీ. కిరసనాయిలూ ఉంది, అగ్గిపుల్లా పడింది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు," అంది డాక్టరమ్మ. తర్వాత పాప వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. పాప వయసుకి చెయ్యగలిగింది చాలా ఉందట. అపో బి కూడా కొంచెం ఎక్కువే, అది దించగలిగేదే. బీపీ చూస్తూ ఉండాలి. ఎప్పుడు మందు మొదలుపెట్టాలో తను చెబుతుంది. పాప ప్రతి ముక్కా చిన్న పుస్తకంలో రాసుకుంది. మార్జిన్ వదిలి రాసుకుంది.

బస్సులో మరదలు నా పక్క సీట్లో కూర్చుంది. "పధ్నాలుగా?" అంది.

"అవునమ్మా."

"బతకండి అయితే." కిటికీ వైపు తిరిగింది. అది శాపమో, దీవెనో. ఆ రెండూ కూడా ఒకేసారి నిజం కావచ్చు.

మార్చి 31

నాది పధ్నాలుగు.

ఏప్రిల్ 2

కొత్త కరపత్రం ఆఖరి ప్రూఫు పాప పైకి తెచ్చింది. నాలుగు పేజీలే. వాళ్ళ నాన్న పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఉంది. మొదటి పేజీలో "కిందటి కరపత్రంలో కొన్ని విషయాల్లో పొరబడ్డాను" అని రాశాను. మర్యాదగా, నిండుగా ఉన్న వాక్యం. దాని పక్కన మార్జిన్‌లో:

ఏ విషయంలో? ఎవరి దగ్గర?

అరగంట కూర్చున్నాను. పాప వెళ్ళలేదు, మెట్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తూ ఉంది. ఎర్ర కలం పక్కన పెట్టి, పెన్సిల్ అడిగి తీసుకున్నాను. వాక్యం కొట్టేసి పైన రాశాను: "ఆరో పేజీ మొత్తం తప్పు. ఆ తప్పుని మార్జిన్‌లో పట్టుకున్నవాడు మా తమ్ముడు. నేను వాడికి జవాబివ్వలేదు."

పాప చదివి, "ప్లేటు కడతాను," అంది.

నాలుగో పేజీ చివర డిమాండ్లు వెయ్యాలి. నా కరపత్రం ఏదీ డిమాండ్లు లేకుండా ముగియదు. కొన్ని లోకానికి, కొన్ని ఇంటికి. ఏవి ఎక్కడ అచ్చవ్వాలో పాప తేలుస్తుంది. ముందు అన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను.

1. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెతో పోయి ఉంటే, ఆ ఇంటి ప్రతి మనిషికీ ఈ రెండు పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చెయ్యాలి.

2. చీటీ మీద పరీక్ష పేరు కింద, అది ఎందుకో ఒక్క వాక్యం, బడి మానేసినవాడికి కూడా అర్థమయ్యేలా రాయాలి.

3. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు అందులో ఏది ఎవరికి అవసరమో, ఏది ఎవరికీ అక్కర్లేదో అచ్చేసి చెప్పాలి. చెప్పలేకపోతే అమ్మడం మానాలి.

4. నెత్తిన బస్తాలు మోయించే ప్రతి యజమానీ, మోసేవాళ్ళకి ఏటా గుండె పరీక్ష చేయించాలి.

5. "భయం అమ్మబడును" కాపీ ఎవరి దగ్గరున్నా తెచ్చి ఇవ్వాలి. ఆరో పేజీ మీద "తప్పు" అని ముద్ర కొట్టి తిరిగి ఇస్తాం.

6. పాప డాక్టరమ్మ చెప్పిన తేదీలు తప్పకూడదు. కాగితాల కట్టలు నేను మోస్తాను.

7. మార్జిన్‌లో ప్రశ్న ఉంటే, దాన్ని పైకి చదివి, జవాబు రాసేదాకా మిషను తిప్పకూడదు.

8. కొక్కెం మీది డాక్టరమ్మ చీటీ పాప తీసెయ్యాలి. పని అయింది.